గాలి, కడలి చదువుల్లో మన పిల్లల వాటా

(ఇంటర్, డిగ్రీ విద్యార్థులూ వారి తల్లిదండ్రులూ పాల్గొన్న విద్యా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాల్లో స్కాలర్‌షిప్ అనగానే ఇంజనీరింగ్, ఫార్మసీ, వైద్యం గుర్తుకు వస్తాయి. ఈ రోజు మేము మరో రంగాన్ని మీ ముందుంచుతున్నాం. అది సముద్రాన్నీ, వాతావరణాన్నీ పరిశీలించే శాస్త్రం. డిగ్రీ స్థాయిలోనే ఈ రంగంలోకి దారి వేసే స్కాలర్‌షిప్పులు ఉన్నాయి. వేసవిలో శాస్త్రవేత్తల దగ్గర పని నేర్చుకునే ఇంటర్న్‌షిప్పులూ ఉన్నాయి. వాటిలో కొన్ని మన ఇంటికి గంట ప్రయాణం దూరంలోనే ఉన్నాయి. అయినా మన వీధుల్లోని పిల్లలకు వాటి పేర్లు కూడా చేరడం లేదు. ఎందుకు చేరడం లేదు, ఎలా చేర్చాలి, ఇందుకు ప్రభుత్వాన్ని ఏమి అడగాలి అన్నవే ఈ ప్రసంగంలోని విషయాలు.

ముందుగా ఈ శాస్త్రం మనకు పరాయిది కాదని గుర్తు చేయాలి. మన ఇళ్లలో రోజూ వినిపించే మౌసమ్ అనే మాట అరబీ నుంచి వచ్చింది. రుతువు అని దాని అర్థం. ఇంగ్లీషువారి మాన్సూన్ కూడా ఆ మాట నుంచి పుట్టిందే. అరేబియా సముద్రంపై గాలులు ఏ నెలలో ఎటు వీస్తాయో లెక్కగట్టి ఓడలు నడిపిన నావికుల అనుభవమే ఆ మాటలో నిలిచి ఉంది. ఇప్పుడు ఆ లెక్కను ఉపగ్రహాలతో, రాడార్లతో, సముద్రంలో తేలే పరికరాలతో, కంప్యూటర్లతో చేస్తున్నారు.

ఆ లెక్క విలువ తీరంలో ఉన్నవారికి తెలుసు. 1977 నవంబర్ 19న దివిసీమపై విరుచుకుపడిన ఉప్పెన వేలాది ప్రాణాలను మింగింది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. అయితే అది ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుందో ముందే తెలియడం వల్ల ప్రజలను సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. ఆస్తి నష్టం అపారమైనా ప్రాణనష్టం దివిసీమతో పోల్చదగినది కాదు. ఈ రెండు తేదీల మధ్య తేడాను తెచ్చినది ముందస్తు హెచ్చరిక, ఆ హెచ్చరికను మనిషి దాకా చేర్చిన పాలనా యంత్రాంగం.

తీరం లేని తెలంగాణకు దీనితో పనేమిటని కొందరు అడుగుతారు. బంగాళాఖాతంలో ఏర్పడే అల్పపీడనమే మహబూబ్‌నగర్ రైతుకు వానను ఇస్తుంది, హైదరాబాద్ పాతబస్తీలోని ఇళ్లను ముంచుతుంది. ఎండాకాలపు వడగాలుల్లో బండి మీద పండ్లు అమ్ముకునేవారు, భవన నిర్మాణ కూలీలు, ఆటో నడిపేవారు ఎక్కువగా దెబ్బతింటారు. మన సమాజంలో ఈ పనులు చేసేవారు ఎంతమందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వాతావరణం మారితే మొదట నష్టపోయేవారి పిల్లలు, ఆ వాతావరణాన్ని చదివేవారిలో కూడా ఉండాలి. ప్రశ్న ఎక్కడ అడగాలో బాధను చూసినవారికి బాగా తెలుస్తుంది.

ఈ మార్గంలో మనకు ముందు నడిచిన మనిషి ఒకరున్నారు. అలహాబాద్‌లో 1926లో జన్మించిన సయ్యద్ జహూర్ ఖాసిం అలీగఢ్ ముస్లిం విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రం చదివారు. బ్రిటన్‌లోని వేల్స్‌లో సముద్ర జీవశాస్త్రంలో పరిశోధన చేశారు. తరువాత గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థకు డైరెక్టర్ అయ్యారు. 1981 డిసెంబర్ 6న గోవా నుంచి బయలుదేరి, 1982 జనవరి 9న అంటార్కిటికాపై అడుగుపెట్టిన మొట్టమొదటి భారత యాత్రా బృందానికి నాయకుడు ఆయనే. ఆ బృందంలో 21 మంది ఉన్నారు. అనంతరం ఆయన జామియా మిల్లియా ఇస్లామియాకు ఉపకులపతిగా, ప్రణాళికా సంఘం సభ్యుడిగా పనిచేశారు. మన పిల్లలకు క్రికెట్ ఆటగాళ్ల పేర్లు వరసగా వస్తాయి. ఖాసిం పేరు కూడా రావాలని మా కోరిక.

మరి ఇంతటి పూర్వికుడు ఉన్న మార్గంలో మనవాళ్లు ఎందుకు పలుచగా ఉన్నారు? 2006 నవంబర్‌లో సమర్పించిన సచార్ కమిటీ నివేదికను ఒకసారి తిరగేయండి. ఇరవై ఏళ్లు దాటిన జనాభాలో డిగ్రీ లేదా డిప్లొమా ఉన్నవారు దేశం మొత్తంలో సుమారు 7 శాతం ఉంటే, ముస్లింలలో 4 శాతం కన్నా తక్కువని అది తేల్చింది. పేరున్న కళాశాలల్లో డిగ్రీ విద్యార్థులు 25 మందిలో ఒకరు, పీజీ విద్యార్థులు 50 మందిలో ఒకరు మాత్రమే ముస్లింలని చెప్పింది. డిగ్రీ నుంచి పీజీకి వెళ్లేసరికి వాటా సగానికి పడిపోయిందన్నమాట. వాతావరణ, సముద్ర శాస్త్రాల్లో అసలు ప్రవేశం పీజీ దగ్గరే ఉంటుంది. మనం జారిపోతున్న మెట్టూ అదే. అందువల్ల డిగ్రీలో ఉండగానే పిల్లలను పట్టి నిలిపే సహాయం కావాలి.

ఇక ఉన్న అవకాశాలను ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది, కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్. ఇది మతాన్నీ కులాన్నీ చూసి ఇచ్చేది కాదు, మెరిట్‌ను చూసి ఇచ్చేది. ఏడాదికి 80,000 రూపాయలు. ఇందులో 60,000 విద్యార్థి ఖాతాలో పడుతుంది. మిగిలిన 20,000 వేసవిలో ఒక శాస్త్రవేత్త పర్యవేక్షణలో చేసే ప్రాజెక్టు కోసం. ఇంటర్ బోర్డు పరీక్షల్లో పైనున్న ఒక శాతంలో నిలిచి, బీఎస్సీ గానీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీ గానీ చదివేవారు అర్హులు. జేఈఈ, నీట్ వంటి పరీక్షల్లో మొదటి పది వేల ర్యాంకుల్లో వచ్చి, మౌలిక శాస్త్రాలను ఎంచుకున్నవారికి కూడా వీలుంది. బీటెక్, ఎంబీబీఎస్‌లో చేరినవారికి వర్తించదు. ఈ పథకం గుర్తించిన 18 సబ్జెక్టుల్లో వాతావరణ శాస్త్రం, సముద్ర శాస్త్రం రెండూ ఉన్నాయి. ఫిజిక్స్, గణితం, జంతుశాస్త్రం, భూగర్భ శాస్త్రం కూడా ఉన్నాయి కనుక ఏ ఊరి డిగ్రీ కళాశాల విద్యార్థి అయినా దీనికి పోటీ పడవచ్చు. మన రెండు రాష్ట్రాల బోర్డుల్లో కటాఫ్ మార్కులు చాలా ఎక్కువగా ఉంటాయన్న మాట నిజమే. కానీ అర్హత ఉండీ దరఖాస్తు చేయని పిల్లలు ప్రతి పట్టణంలో ఉన్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలోనే మంచి మార్కులు వచ్చిన పిల్లల ఇళ్లకు వెళ్లి ఈ సంగతి చెప్పడం మన కార్యకర్తల పని కావాలి.

రెండవది, అల్పసంఖ్యాక వర్గాలకు ఉద్దేశించిన సహాయం. ఇక్కడ ఒక తికమక ఉంది. మెరిట్ కమ్ మీన్స్ పథకం వృత్తి, సాంకేతిక విద్యకు సంబంధించినది. సాధారణ బీఎస్సీ పోస్ట్ మెట్రిక్ పథకం కిందికి వస్తుంది. తప్పు పథకంలో దరఖాస్తు చేసి తిరస్కారానికి గురైనవారు ఉన్నారు. ఈ కేంద్ర పథకాల అమలు ఏటికేడు మారుతున్నది గనుక, ఆ ఏడాది నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో ఏది తెరిచి ఉందో చూసుకోవాలి. రాష్ట్రాల ఫీజు రీయింబర్స్‌మెంట్ వేరు. తెలంగాణలో ఈ-పాస్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ద్వారా నమోదు చేసుకోవాలి. విదేశాల్లో చదువుకు తెలంగాణ ప్రభుత్వం మైనారిటీ విద్యార్థులకు ఇచ్చే 20 లక్షల రూపాయల వరకు సహాయం పీజీ, పీహెచ్‌డీలకే వర్తిస్తుంది. డిగ్రీలో ఉన్నవారు దాన్ని తమ తరువాతి మెట్టుగా మనసులో ఉంచుకోవాలి.

ధ్రువపత్రాల విషయంలో రెండు మాటలు. పదో తరగతి మెమోలో ఎం.డి., ఆధార్‌లో మొహమ్మద్, బ్యాంకు పాస్‌బుక్‌లో మహ్మద్ అని ఉంటే కంప్యూటరుకు ముగ్గురు మనుషులు కనిపిస్తారు. షేక్ అన్న ఇంటిపేరును ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాయించిన కుటుంబాలు ఉన్నాయి. ఒక్క అక్షరం వల్ల ఏడాది స్కాలర్‌షిప్ పోతుంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పేరును అన్ని పత్రాల్లో ఒకేలా సరిచేయించండి. రెండవది, రాష్ట్ర బీసీ జాబితా వేరు, కేంద్ర ఓబీసీ జాబితా వేరు. రాష్ట్రంలో బీసీ-ఈ పత్రం ఉన్నంత మాత్రాన కేంద్ర సంస్థల్లో ఓబీసీగా పరిగణిస్తారని అనుకోకూడదు. మీ సమూహం పేరు కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే ఆర్థికంగా బలహీన వర్గాల కోటా కింద అర్హత ఉందేమో పరిశీలించాలి.

ఇప్పుడు ఇంటర్న్‌షిప్పుల సంగతి. ఈ విషయంలో తెలుగువారు అదృష్టవంతులు. హైదరాబాద్ ప్రగతినగర్‌లో భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం ఉంది. ఇన్‌కాయిస్ అంటే అందరికీ తెలుస్తుంది. 2004 డిసెంబర్ 26 సునామీ తరువాత ఏర్పడిన సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం 2007 అక్టోబర్ నుంచి అక్కడే పనిచేస్తున్నది. చేపలు ఎక్కడ దొరుకుతాయో మత్స్యకారులకు రోజువారీ సూచనలు వెళ్లేదీ అక్కడి నుంచే. విద్యార్థులు ప్రాజెక్టులు చేసుకోవడానికి అక్కడ వీలుంది. తిరుపతి సమీపంలోని గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. భారీ రాడార్‌తో ఆకాశపు పొరలను పరిశీలించే చోటు అది. విశాఖపట్నంలో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, వాతావరణ శాఖ తుపాను హెచ్చరిక కేంద్రం, దశాబ్దాలుగా ఈ శాస్త్రాలను బోధిస్తున్న ఆంధ్ర విశ్వవిద్యాలయం ఉన్నాయి. హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో భూ, సముద్ర, వాతావరణ శాస్త్రాల కేంద్రం ఉంది. కడప విద్యార్థికి గాదంకి, నిజామాబాద్ విద్యార్థికి ప్రగతినగర్ ఒక్క బస్సు ప్రయాణం.

దేశవ్యాప్తంగా పేరున్నది మూడు విజ్ఞాన అకాడమీలు కలిసి నడిపే వేసవి పరిశోధన ఫెలోషిప్. రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పనిచేయాలి. నెలవారీ భృతి, ప్రయాణ ఖర్చు ఇస్తారు. దీనికి దరఖాస్తులు వేసవిలో కాదు, ముందు ఏడాది చివరి నెలల్లోనే పిలుస్తారు. మన పిల్లలు మే నెలలో వాకబు చేసి, గడువు దాటిందని నిరాశపడుతున్నారు. అందులో చేరడానికి మీరేమి చేయాలనుకుంటున్నారో ఒక చిన్న రాతలో చెప్పాలి. ఎక్కడి నుంచో తెచ్చి అతికించిన పేరాలు పనికిరావు. మీ ఊరి పదేళ్ల వర్షపాతం అంకెలను తీసుకుని, ఏ నెలలో వాన పెరిగింది, ఏ నెలలో తగ్గింది అని ఒక గ్రాఫు గీసి, దాని గురించి అర పేజీ రాస్తే అదే మీ అర్హతకు సాక్ష్యం అవుతుంది. డిగ్రీ రెండో ఏడాదికల్లా పైథాన్ వంటి ఒక ప్రోగ్రామింగ్ భాషను కొంత నేర్చుకోండి. నేటి వాతావరణ శాస్త్రంలో గొడుగు కన్నా కంప్యూటర్ ఎక్కువ అవసరం.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్న మాకు తెలుసు. చదివాక బతుకుదెరువు ఏమిటి? ఫిజిక్స్ ఒక సబ్జెక్టుగా ఫస్ట్ క్లాసులో బీఎస్సీ పూర్తి చేసినవారు భారత వాతావరణ శాఖలో సైంటిఫిక్ అసిస్టెంట్ ఉద్యోగానికి పోటీ పడవచ్చు. 2022లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ అటువంటి 990 ఖాళీలకు ప్రకటన ఇచ్చింది. పై చదువులకు వెళ్లినవారికి సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో భూమి, వాతావరణం, సముద్రం, గ్రహాల శాస్త్రం అనే ప్రత్యేక విభాగమే ఉంది. అందులో జేఆర్‌ఎఫ్ సాధిస్తే పరిశోధనకు నెలనెలా ఫెలోషిప్ వస్తుంది. పంటల బీమా, సౌర విద్యుత్తు, పవన విద్యుత్తు, ఓడరేవులు, విమానయానం వంటి రంగాలన్నింటికీ వాతావరణం తెలిసినవారు కావాలి.

కూతుళ్ల తల్లిదండ్రులతో ప్రత్యేకంగా ఒక మాట. కేరళలోని పీరుమేడులో 1918లో పుట్టిన అన్నా మణి ఫిజిక్స్‌లో పై చదువులు కోరుకున్నారు. 1945లో ఆమెకు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌పై లండన్ ఇంపీరియల్ కాలేజీకి వెళ్లే అవకాశం వచ్చింది. అది వాతావరణ పరికరాలపై శిక్షణ. దొరికిన దాన్ని ఆమె వదులుకోలేదు. 1948లో తిరిగి వచ్చి పుణేలో వాతావరణ శాఖలో చేరి, దేశానికి కావలసిన పరికరాలను దేశంలోనే తయారు చేయించారు. 1976లో డిప్యూటీ డైరెక్టర్ జనరల్‌గా పదవీ విరమణ చేశారు. ఒక్క స్కాలర్‌షిప్, ఒక్క శిక్షణ ఆమె జీవితానికే కాదు, ఒక శాఖకే దిశ చూపించాయి. 1983లో బయలుదేరిన అంటార్కిటికా యాత్రలో సముద్ర శాస్త్రవేత్త అదితి పంత్, భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా అనే ఇద్దరు మహిళలు పాల్గొన్నారు. పైగా ఈ రంగంలో అందరూ ఓడ ఎక్కనవసరం లేదు. ఉపగ్రహ చిత్రాలు, కంప్యూటర్ లెక్కలతో కార్యాలయంలో చేసే పనే ఎక్కువ. హాస్టల్ ఉందా, భద్రత ఎలా ఉంది, దగ్గరలో బంధువులు ఎవరున్నారు అని మీరు అడగడం న్యాయమే. ఆ ప్రశ్నలకు జవాబు వెతకండి. జవాబు వెతకకుండా దరఖాస్తునే ఆపకండి.

ఇంతవరకు మనం చేయవలసినవి చెప్పాం. ఇక ప్రభుత్వం చేయవలసినవి ఉన్నాయి. అసలు అడ్డంకి అక్కడే ఉంది.

పరిశోధన సంస్థల్లో విద్యార్థి ప్రాజెక్టులకు చాలా చోట్ల భృతి ఉండదు. సీటు ఉచితమే, కానీ రెండు నెలలు ఊరు కాని ఊళ్లో గది అద్దె, భోజనం, బస్సు ఖర్చు ఎవరు పెట్టుకోవాలి? వేసవి సెలవుల్లో తండ్రికి తోడుగా దుకాణంలో నిలబడే కుర్రాడు, జరీ పనితో ఇంటికి ఆదాయం తెచ్చే అమ్మాయి ఆ రెండు నెలల సంపాదనను కూడా వదులుకోవాలి. కలవారి పిల్లలకు అది అనుభవం, లేనివారి పిల్లలకు అది అప్పు. తరువాత పీజీ ప్రవేశాల్లో, పరిశోధన ఇంటర్వ్యూల్లో ఆ అనుభవాన్నే అడుగుతారు. తలుపు మూసి ఉందని ఎవరూ అనరు గానీ, గడప ఎత్తు మాత్రం అందరికీ ఒకటి కాదు.

అమెరికాలో సముద్ర, వాతావరణ వ్యవహారాలు చూసే ప్రభుత్వ సంస్థ నోవా. హాలింగ్స్ పేరిట అది ఇచ్చే డిగ్రీ స్కాలర్‌షిప్‌లో రెండేళ్లపాటు ఏటా 9,500 డాలర్ల వరకు సహాయం, పది వారాల వేతన సహిత ఇంటర్న్‌షిప్ కలిసి ఉంటాయి. అల్పసంఖ్యాక జాతుల విద్యార్థులు ఎక్కువగా చదివే కళాశాలల కోసం ఆ సంస్థ 2001లో ప్రత్యేక కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. ఇవి అమెరికా పౌరులకే. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాల పిల్లలు, పౌరసత్వం ఉంటే, వీటిని గమనించాలి. ప్రభుత్వాలు మారినప్పుడు అక్కడా ఇలాంటి పథకాలు ఒడిదుడుకులకు లోనవుతాయి. అయినా గ్రహించవలసిన సూత్రం ఒకటుంది. ఫీజుకు సహాయం, జీతంతో కూడిన శిక్షణ ఒకే పథకంలో కలిపి ఇస్తేనే పేద విద్యార్థి చివరి దాకా నిలబడతాడు.

మన దేశంలో గాలి ఎదురుగా వీస్తున్నది. పరిశోధన చేసే అల్పసంఖ్యాక వర్గాల విద్యార్థులకు 2009 నుంచి అండగా ఉన్న మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్‌ను 2022-23 నుంచి నిలిపివేస్తున్నట్లు 2022 డిసెంబర్‌లో కేంద్రం లోక్‌సభలో ప్రకటించింది. ఇతర పథకాలతో కలిసిపోతున్నదని కారణం చెప్పారు. విదేశీ విద్యా రుణాలపై వడ్డీ రాయితీ ఇచ్చే పఢో పర్‌దేశ్ పథకాన్ని కూడా ఆపేశారు. ఒకటో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా ఇచ్చే ప్రీ మెట్రిక్ సహాయాన్ని తొలగించారు. కింద మెట్టూ, పై మెట్టూ తీసేస్తే మధ్యలో ఉన్న డిగ్రీ విద్యార్థి దేని మీద నిలబడాలి?

అందువల్ల ఈ వేదిక నుంచి మేము నాలుగు కోరికలు ముందుంచుతున్నాం. కేంద్ర భూ విజ్ఞాన శాస్త్రాల మంత్రిత్వ శాఖ తన సంస్థల్లోని డిగ్రీ ఇంటర్న్‌షిప్పులకు భృతి, వసతి కల్పించాలి. ప్రతి ఏడాది ఎంతమందిని తీసుకున్నారు, వారిలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలల వారు ఎందరు, అల్పసంఖ్యాక వర్గాల వారు ఎందరు అన్న వివరాలను ప్రకటించాలి. రాష్ట్ర మైనారిటీ సంక్షేమ శాఖలు వేసవి ఇంటర్న్‌షిప్ దొరికిన విద్యార్థికి ప్రయాణ, వసతి ఖర్చులను తక్షణం ఇచ్చే చిన్న నిధిని ఏర్పాటు చేయాలి. మైనారిటీ గురుకులాల్లో, ఉర్దూ మాధ్యమ కళాశాలల్లో ఈ అవకాశాల ప్రకటనలు తెలుగు, ఉర్దూ భాషల్లో అందేలా చూడాలి. మేము భిక్ష అడగడం లేదు. పన్ను కట్టే పౌరులుగా, మన డబ్బుతో నడిచే ప్రయోగశాలల్లో మన పిల్లలకు న్యాయమైన చోటు అడుగుతున్నాం.

ప్రభుత్వం కదిలే దాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనవసరం లేదు. ప్రతి పట్టణంలో విద్యా కమిటీ ఒక క్యాలెండర్ తయారు చేయాలి. జూన్‌లో పేర్ల సవరణ, ఆదాయ ధ్రువపత్రాలు. ఫలితాలు వచ్చిన వెంటనే ఇన్‌స్పైర్, పోర్టల్ నమోదు. సెప్టెంబర్ నుంచి వేసవి ఫెలోషిప్ దరఖాస్తుల కోసం ఎదురుచూపు. జనవరిలో శాస్త్రవేత్తలకు లేఖలు. పెళ్లిళ్లలో వడ్డనలు ఒక రకం తగ్గించినా ఇద్దరు విద్యార్థుల రెండు నెలల గది అద్దె తేలుతుంది. ఇన్‌కాయిస్ దగ్గరలో ఉన్న హైదరాబాద్ కుటుంబాలు, విశాఖలోని మన వ్యాపారులు జిల్లాల నుంచి వచ్చే ఒక్కొక్క విద్యార్థికి ఆశ్రయం ఇచ్చినా సగం సమస్య తీరుతుంది.

విద్యార్థులారా, తుపాను తీరం దాటేటప్పుడు అది ఎవరి ఇల్లు, ఎవరి మతం అని చూడదు. దాని గురించి హెచ్చరించే గదిలో కూర్చునేవారు కూడా అన్ని ఇళ్ల నుంచి రావాలి. ఈ సమావేశం ముగిశాక బయట బల్ల దగ్గర మా కార్యకర్తలు మీ పేర్లు, మీ చదువు వివరాలు రాసుకుంటారు. రెండో ఏడాది బీఎస్సీ చదువుతున్న వారు ముందు వరసలో నిలబడండి. ఈ ఏడాది గడువు మొదట వచ్చేది మీకే.